అమ్మ నడుము ఎంఆర్ఐకి ధరలు కనుక్కున్నప్పుడు తెలిసినవి: నా అనుభవం

జూన్ 9, సోమవారం. గుంటూరు కొత్తపేటలో న్యూరోసర్జన్ గారి దగ్గర మా వంతు వచ్చేసరికి సాయంత్రం ఏడు దాటింది. టోకెన్ తీసుకున్నది మధ్యాహ్నం మూడింటికి. కూర్చుంటే నొప్పి ఎక్కువవుతోందని అమ్మ చాలాసేపు గోడకు ఆనుకుని నిలబడే ఉంది. ఏప్రిల్‌లో మొదలైన నడుము నొప్పి మే నెలాఖరుకల్లా కుడి పిర్ర మీదుగా పిక్క దాకా దిగింది. ఆ తరువాత బొటనవేలు మొద్దుబారడం మొదలైంది. డాక్టరుగారు బల్ల మీద పడుకోబెట్టి కాలు నిటారుగా పైకెత్తగానే అమ్మ "అబ్బా" అంటూ నా చెయ్యి పట్టేసుకుంది. బొటనవేలితో తన చేతిని నెట్టమన్నారు. సూదితో పాదం మీద అక్కడక్కడా తాకి, తెలుస్తోందా అని అడిగారు. అప్పుడు చీటీ రాశారు.

రాస్తూనే ఆయన చెప్పిన మాట ఇక్కడ మొదటే చెప్పాలి. "వారంలోపు స్కాన్ తీయించుకుని రండి, కంగారేమీ లేదు. కానీ మూత్రం ఆగిపోయినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా, పాదం పైకి లేవకుండా వాలిపోయినా నా కోసం చూడొద్దు, ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లిపోండి." నేను ధరలు కనుక్కోగలిగానంటే మాకు ఆ వారం గడువు ఉంది కాబట్టే. పైన చెప్పిన లక్షణాల్లో ఏ ఒక్కటి ఉన్నా రేట్ల సంగతి వదిలేసి దగ్గరున్న పెద్దాసుపత్రికి వెళ్లాలి.

బయటికి రాగానే కాంపౌండరు మందుల చీటీతోపాటు ఇంకో చిన్న కాగితం చేతిలో పెట్టాడు. దాని మీద ఒక స్కానింగ్ సెంటరు పేరు, దారి గుర్తులు ముందే అచ్చువేసి ఉన్నాయి. ఎంఆర్ఐ అన్న గడిలో టిక్కు పెట్టి ఉంది. "పక్క సందులోనే అమ్మా, ఇప్పుడే తీసేస్తారు" అన్నాడు. వెళ్లాం. కౌంటరులో అమ్మాయి అడిగిన మొదటి ప్రశ్న అమ్మ పేరు కాదు, వయసు కాదు. "ఏ డాక్టరుగారు పంపించారు?" చెప్పాక రేటు చెప్పింది. 8,500. డాక్టరుగారి చీటీ ఉంది కాబట్టి 500 తగ్గించి 8,000, సీడీ కావాలంటే ఇంకో 300. అమ్మకు నాన్నగారి తదనంతరం వచ్చే ఫ్యామిలీ పెన్షన్ 14 వేలు. అందులో సగానికి పైగా పక్క సందులో, రాత్రి ఎనిమిదింటికి, ఆలోచించుకోవడానికి పది నిమిషాలు కూడా లేకుండా ఇచ్చేయాలి. అమ్మ నా చెవిలో "ఇక్కడే తీయించేద్దాం అమ్మాయీ, డాక్టరుగారు కోప్పడతారేమో" అంది. ఆ భయమే నాకు ఎక్కువ బాధ కలిగించింది. రేపు వస్తామని చెప్పి తెనాలి తిరిగి వచ్చేశాం.

ఆ రాత్రి కూర్చుని చీటీని అక్షరం అక్షరం చదివాను. ఎంఆర్ఐ, ఎల్‌ఎస్ స్పైన్, ప్లెయిన్, హోల్ స్పైన్ స్క్రీనింగ్‌తో అని ఉంది. దీని అర్థం తెలుసుకోకుండా ఫోను చేసి "నడుము స్కానుకు ఎంత?" అని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో స్కానుకు రేటు చెబుతారు. ఎల్‌ఎస్ స్పైన్ అంటే నడుము వెన్నుపూసలు, వాటి కింద పిరుదుల మధ్య ఉండే ఎముక (త్రికాస్థి). ప్లెయిన్ అంటే కాంట్రాస్టు మందు (బొమ్మలో కొన్ని భాగాలు ప్రత్యేకంగా కనబడటానికి ఎక్కించేది) లేకుండా తీసేది. స్క్రీనింగ్ అంటే మెడ నుంచి కింది దాకా వెన్నెముక మొత్తాన్ని పైపైన ఒకసారి చూడటం. ఇంకెక్కడైనా నరం మీద ఒత్తిడి ఉందేమోనని అడుగుతారట. స్క్రీనింగ్‌ను కొందరు రేటులో కలిపి చెబుతారు, కొందరు విడిగా వేస్తారు. తక్కువ రేటు అనిపించిన చోట చాలాసార్లు ఇదే తేడా.

మర్నాడు మంగళవారం పొద్దున తొమ్మిది నుంచి ఫోను పట్టుకుని కూర్చున్నాను. నోటుపుస్తకంలో గడులు గీసుకున్నాను: స్కాన్ రేటు, స్క్రీనింగ్, ఫిల్ములు, సీడీ, యంత్రం ఎన్ని టెస్లాలు (దాని అయస్కాంతం బలం), రిపోర్టు ఎవరు రాస్తారు, ఎప్పుడిస్తారు, టైము ఎప్పుడు దొరుకుతుంది.

విజయవాడ సూర్యారావుపేటలో ఒక సెంటరు 5,500 అంది. స్క్రీనింగ్‌కు 1,500 అదనం, ఫిల్ములు రేటులోనే, 1.5 టెస్లా యంత్రం, రిపోర్టు అదే రోజు సాయంత్రం. కలిపితే 7,000. జాతీయ రహదారి పక్కనున్న ఒక పెద్ద కార్పొరేట్ ఆసుపత్రిలో అయితే రేటు ఫోనులో చెప్పనే చెప్పలేదు. "మేడమ్, ఇక్కడికి వచ్చి రిజిస్ట్రేషన్ చేయించుకుంటే చెబుతాం." గట్టిగా అడిగితే ఇంకొకరికి, వాళ్లు మరొకరికి లైను కలిపారు. చివరికి రేడియాలజీ విభాగంలో ఒకాయన మర్యాదగా చెప్పారు: ఓపీ పేషెంటుకు స్క్రీనింగ్‌తో 11,200, రిజిస్ట్రేషన్ 200. అక్కడి డాక్టరు చూసి రాయాలంటే కన్సల్టేషన్ వేరు. ఆయనే ఇంకో సంగతి కూడా చెప్పారు. ఆసుపత్రిలో చేరి ఉన్నవాళ్లకు అదే స్కాన్ రేటు గదిని బట్టి మారుతుందట. జనరల్ వార్డుకు ఒకటి, షేరింగ్ గదికి ఒకటి, సింగిల్ గదికి ఇంకొకటి. యంత్రం ఒకటే, తీసే మనిషి ఒకడే, పడుకునే మంచాన్ని బట్టి ధర. విన్నాక కాసేపు ఏమీ రాయలేకపోయాను.

ఫోనులో ఒక ఆన్‌లైన్ బుకింగ్ సంస్థ ప్రకటన కనబడింది. 3,999కే ఎంఆర్ఐ. నంబరు ఇచ్చిన రెండు నిమిషాల్లో ఫోను వచ్చింది. చాలా తీయగా మాట్లాడారు. సెంటరు పేరు డబ్బు కట్టాకే చెబుతామన్నారు. యంత్రం ఎన్ని టెస్లాలని అడిగితే కనుక్కుని చెబుతామని, అరగంట తరువాత "ఓపెన్ ఎంఆర్ఐ మేడమ్, పేషెంటుకు భయం ఉండదు" అన్నారు. మళ్లీ అడిగితే 0.35 టెస్లా. స్క్రీనింగ్ లేదు. ఇరుకు యంత్రంలోకి వెళ్లలేనివాళ్లకు, మరీ భారీకాయులకు ఓపెన్ యంత్రం మేలే. కానీ అమ్మకు కావలసింది నరం ఎక్కడ నొక్కుకుందో స్పష్టంగా కనబడే బొమ్మ. వద్దన్నాను. ఆ తరువాత వారం రోజుల పాటు ఆ సంస్థ నుంచి ఫోన్లు వస్తూనే ఉన్నాయి. నంబరు ఇచ్చే ముందు ఈ విషయం కూడా లెక్కలోకి తీసుకోండి.

బుధవారం ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాను. అమ్మను తీసుకెళ్లలేదు, కాగితాలు మాత్రమే. ఓపీ వరుసలో గంటన్నర నిలబడ్డాక తెలిసింది: బయటి డాక్టరు రాసిన చీటీ మీద స్కాన్ తీయరు, వాళ్ల డాక్టరు చూసి వాళ్ల చీటీ మీదే రాయాలి. వార్డుల్లో ఉన్నవాళ్లకు, ప్రమాద కేసులకు ముందు అవకాశం. నడుము నొప్పికి తేదీ దొరకడానికి రెండు మూడు వారాలు పడుతుందన్నారు. అక్కడి స్టాఫ్ నర్సు ఒకావిడ మాత్రం నా చీటీ చూసి, "వేలు మొద్దుబారిందంటున్నారు, మూడు వారాలు ఆగకండమ్మా" అంది. ఆ మాటకు ఆమెకు రుణపడి ఉంటాను. సమయం ఉన్నవాళ్లకు, నొప్పి ముదరనివాళ్లకు ప్రభుత్వ ఆసుపత్రి దారి మంచిదే. మొదటి రోజే వెళ్లి పేరు రాయించుకోవాలి.

ఆరోగ్య బీమా సంగతి బెంగళూరులో ఉన్న తమ్ముడు కనుక్కున్నాడు. వాడి కంపెనీ పాలసీలో అమ్మ పేరు ఉంది. బయటి రోగిగా తీయించుకునే స్కానుకు డబ్బు రాదు. కానీ ఆ తరువాత 30 రోజుల్లోపు అదే జబ్బుకు ఆసుపత్రిలో చేరాల్సి వస్తే, ముందు చేసిన పరీక్షల ఖర్చు కింద ఈ బిల్లు కూడా పెట్టుకోవచ్చు. కాబట్టి అసలు బిల్లు, డాక్టరు చీటీ, రిపోర్టు మూడూ దాచాలి. ఒక ఆసుపత్రిలో కౌంటరు దగ్గర ఉన్నాయన ఇంకో దారి చెప్పాడు. "ఒక్క రోజు అడ్మిట్ చేసేస్తాం, ఇన్సూరెన్సులో అయిపోతుంది." తమ్ముడు ఒప్పుకోలేదు. కేవలం పరీక్షల కోసమే ఆసుపత్రిలో చేరితే ఆ ఖర్చు చెల్లించరు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఖరారు చేసిన ప్రామాణిక మినహాయింపుల్లో అది కోడ్ నంబరు 04, పాలసీ కాగితంలోనే రాసి ఉంటుంది. క్లెయిము తిరస్కరిస్తే గది అద్దె, నర్సింగు చార్జీలు అన్నీ మన నెత్తిన పడేవి. ఇక రేషన్ కార్డు మీద వచ్చే ఎన్టీఆర్ వైద్య సేవ గురించి పక్కింటివాళ్లు అడగమన్నారు. ఆపరేషన్ కోసం చేరితే పరీక్షలు ప్యాకేజీలో కలుస్తాయి, మా వంటి విడి స్కానుకు కాదన్నారు.

ఇంత చేసినా అమ్మ భయం పోలేదు. "ఆయన చెప్పిన చోట కాకుండా ఇంకోచోట తీయిస్తే సరిగా చూస్తారా?" కాంపౌండరు కూడా ఆ రోజు "వేరేచోట క్లారిటీ ఉండదు" అన్నాడు. నాకు కూడా లోపల్లోపల బెరుకుగానే ఉంది. రేపు ఆపరేషన్ అవసరమైతే చెయ్యాల్సింది ఆయనే కదా. బుధవారం సాయంత్రం క్లినిక్‌కు ఫోను చేసి, డాక్టరుగారితో ఒక్క నిమిషం మాట్లాడాలని పట్టుబట్టాను. రాత్రి తొమ్మిదింబావుకు ఆయనే తిరిగి ఫోను చేశారు. "సార్, స్కాన్ ఎక్కడైనా తీయించవచ్చా, మీకేమైనా అభ్యంతరమా?" అని సూటిగా అడిగాను. ఆయన సమాధానం పది సెకన్లు కూడా పట్టలేదు. "1.5 టెస్లా ఉంటే చాలమ్మా. ఎక్కడైనా సరే. సీడీ తెండి, నేను బొమ్మలు చూసుకుంటాను." మూడు రోజులుగా మా ఇంట్లో నలుగుతున్న బెంగ ఆ ఒక్క జవాబుతో తీరిపోయింది. స్పీకరులో పెట్టి అమ్మకు వినిపించాను కూడా.

ఇది దయ కాదు, మన హక్కు. జాతీయ మానవ హక్కుల సంఘం తయారుచేసిన రోగుల హక్కుల పత్రాన్ని కేంద్ర ఆరోగ్య శాఖ 2019లో రాష్ట్రాలకు పంపింది. మందులు, పరీక్షలు ఎక్కడ తీసుకోవాలో ఎంచుకునే హక్కు రోగికి ఉందని, రేట్లు ముందే తెలుసుకునే హక్కు ఉందని అందులో ఉంది. రోగిని పంపినందుకు డాక్టరు కమీషన్ తీసుకోకూడదని వైద్యుల వృత్తి నియమావళి 2002 నుంచే చెబుతోంది. ఈ రెండూ ఫోనులో దాచుకున్నాను, ఎవరికీ చూపించాల్సిన అవసరం రాలేదు. తెలిసి ఉండటం వల్ల కౌంటరు ముందు గొంతు వణకలేదు, అంతే చాలు.

గురువారం గుంటూరు అరండల్‌పేటలో ఒక సెంటరుకు నేనే వెళ్లాను. వాళ్లూ అదే ప్రశ్న అడిగారు: "రెఫరెన్స్ ఎవరు?" "ఎవరూ పంపలేదు, మేమే వచ్చాం" అన్నాను. కౌంటరులో ఉన్న పెద్దాయన నా ముఖం ఒకసారి చూసి, గోడ మీదున్న 7,500 రేటు పక్కన పెట్టి, "సెల్ఫ్ అయితే 6,500" అన్నాడు. సూర్యారావుపేట రేటు, యంత్రం వివరం చెప్పి, సీడీ, ఫిల్ములు, స్క్రీనింగ్ అన్నీ కలిపి చెప్పమన్నాను. లోపలికి వెళ్లి మేనేజరుతో మాట్లాడి వచ్చి, అన్నీ కలిపి 6,000 అన్నాడు. ఒక్క నిమిషంలో, అదే కౌంటరు ముందు, అదే యంత్రానికి 1,500 తగ్గింది. తగ్గినందుకు సంతోషించాను, కానీ ఆటో దిగి నా పక్కన నిలబడిన ముసలాయన ఏమీ అడగకుండా 7,500 లెక్కపెట్టి ఇచ్చాడు. ఆయన చేతిలో కూడా అచ్చువేసిన చిన్న కాగితం ఉంది. ఆయనకు చెప్పాను. "మా డాక్టరుగారు పంపించారమ్మా, వాళ్లకు తెలుసు" అని ఆయన లోపలికి వెళ్లిపోయాడు. ధర యంత్రాన్ని బట్టి కాదు, మనల్ని ఎవరు పంపారన్నదాన్ని బట్టి ఉంటుందని నాకు అక్కడ రూఢి అయింది. జబ్బుతో ఉన్నవాళ్లతో ఇలా వ్యాపారం చేయడం నాకు ఇప్పటికీ మింగుడుపడటం లేదు.

విజయవాడలో ఇంకాస్త బేరమాడితే ఇంకో మూడు నాలుగు వందలు తగ్గేవేమో. కానీ అమ్మ బస్సులో, రైలులో కూర్చోలేదు, కారు మాట్లాడాలి. తెనాలి నుంచి గుంటూరుకు రానుపోను కారు 1,200. విజయవాడకు 1,800 అడిగారు. పైగా ఆ కుదుపులు ఇంకాసేపు భరించాలి. కాబట్టి గుంటూరే. 6,000కు అన్నీ కలిపి అని వాట్సాప్‌లో రాసి పంపమన్నాను, పంపారు. శనివారం, 14వ తేదీ పొద్దున ఏడున్నరకు టైము. అడ్వాన్సు ఏమీ తీసుకోలేదు.

శుక్రవారమంతా సన్నాహాలకే సరిపోయింది. సెంటరు నుంచి ఫోను చేసి అడిగిన ప్రశ్నలు: పేస్‌మేకరు ఉందా, గుండెలో స్టెంటు వేశారా, ఎముకల్లో రాడ్లు, ప్లేట్లు ఉన్నాయా, చెవిలో యంత్రం ఉందా, కంట్లో ఎప్పుడైనా ఇనుప రజను పడిందా. అమ్మకు 2019లో స్టెంటు వేశారు. ఆ కాగితం తెస్తేనే లోపలికి పంపుతామన్నారు. బీరువా పై అరలో నాన్నగారి సర్వీసు రిజిస్టరు కింద డిశ్చార్జి సమ్మరీ దొరికింది. దాని వెనకే స్టెంటు కంపెనీ పేరు, నంబరు ఉన్న స్టిక్కరు అంటించి ఉంది. ఫోటో పంపగానే పర్వాలేదన్నారు. ఇంట్లో ఎవరికి స్టెంటు వేసినా, ప్లేటు వేసినా ఆ స్టిక్కరును జాగ్రత్త చేయండి. అది లేక టైము పోగొట్టుకున్నవాళ్లను శనివారం నా కళ్లతో చూశాను.

తరువాత ముక్కుపుడక. అమ్మ పెళ్లినాటి నుంచి ఒక్కరోజు కూడా తియ్యలేదు. మర బిగిసిపోయింది. కొబ్బరినూనె రాసి నేను తిప్పితే కళ్లలో నీళ్లు తిరిగాయి. వీధి చివర కంసాలి దగ్గరికి తీసుకెళ్తే ఆయన చిన్న పట్కారుతో లోపలి చీల పట్టుకుని, ఊపిరి బిగబట్టి, రెండు తిప్పుళ్లలో తీసేశాడు. వంద రూపాయలు ఇచ్చాను. మెట్టెలు సబ్బునీళ్లతో ఊడాయి. మంగళసూత్రం దగ్గర అమ్మ ఆగింది. నాన్నగారు పోయాక కూడా ఆ గొలుసును పేరు మార్చి మెడలోనే ఉంచుకుంది, అందులో నాన్నగారు కొన్న రెండు పగడాలు ఉన్నాయి. అవి నా పర్సులో కాదు, నా మెడలో వేసుకుంటేనే ఒప్పుకుంది. జాకెట్టు హుక్కులు ఇనుమువి కాబట్టి అక్కడ గౌను ఇస్తారు. అయినా చీర పిన్నీసులు, జడ పిన్నులు ఇంట్లోనే తీసేస్తే కంగారు తగ్గుతుంది. ప్లెయిన్ స్కానుకు పరగడుపున వెళ్లనక్కరలేదు. అమ్మకు షుగరు ఉంది, ఇడ్లీ తిని మాత్ర వేసుకునే బయలుదేరింది.

శనివారం ఏడుంబావుకే చేరాం. ఏడున్నర అన్న టైము తొమ్మిదీ నలభై అయింది. రోడ్డు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలిన కుర్రవాణ్ని తెచ్చారు, అతనికి ముందు తీశారు. ఎవరూ గొణగలేదు. అంతసేపు అమ్మను కూర్చోబెట్టలేక అడిగితే, పక్క గదిలో ఖాళీ మంచం ఇచ్చారు. అడగకపోతే ఇవ్వరు, అడగండి.

లోపలికి వెళ్లే ముందు టెక్నీషియన్ ఒక కాగితం మీద సంతకం పెట్టమన్నాడు. చదివితే అందులో కాంట్రాస్టు ఇవ్వడానికి అంగీకారం కూడా ఉంది. అడిగితే, "అవసరమైతే డాక్టరుగారు ఇవ్వమంటారు, 3,500 అదనం అవుతుంది, క్రియాటినిన్ పరీక్ష కూడా చేయాలి" అన్నాడు. చీటీలో ప్లెయిన్ అని ఉందని చూపించాను. ఏ కారణంతో అవసరమవుతుందో రేడియాలజిస్టు నాతో చెప్పాలని, మా డాక్టరును అడిగాకే ఇవ్వాలని ఆ కాగితం మీదే రాసి సంతకం పెట్టాను. రేడియాలజిస్టు వచ్చి ఓపికగా వివరించారు. ఇన్‌ఫెక్షనో, గడ్డో అనుమానం వచ్చినప్పుడు, ఇంతకు ముందు నడుముకు ఆపరేషన్ అయినవాళ్లకు కాంట్రాస్టు అవసరమవుతుంది. మామూలు డిస్కు (వెన్నుపూసల మధ్య ఉండే మెత్త) సమస్యకు అక్కర్లేదు. కిడ్నీలు బలహీనంగా ఉన్నవాళ్ల విషయంలో జాగ్రత్తపడాలి కాబట్టే ముందు క్రియాటినిన్ చూస్తారు. అమ్మకు చివరికి అవసరం రాలేదు.

ఒంటి మీద లోహమేదీ లేకుండా చూసి నన్ను కూడా లోపల కూర్చోనిచ్చారు. నాన్నగారి పగడాల గొలుసు చివరికి బయట లాకరులోనే పెట్టాల్సి వచ్చింది. గది చాలా చల్లగా ఉంది, దుప్పటి అడిగి కప్పించాను. మోకాళ్ల కింద దిండు పెట్టారు, చెవుల్లో దూది, పైన హెడ్‌ఫోన్లు, చేతిలో ఒక రబ్బరు బల్బు. భయమేస్తే నొక్కమన్నారు. యంత్రం మొదలవగానే పక్కింటి గోడకు డ్రిల్లింగు వేస్తున్నట్టు మోత, ఆగడం, మళ్లీ ఇంకో రకం మోత. బయట కనబడేది అమ్మ పాదాలే. ఎడమ పాదం పట్టుకుని కూర్చున్నాను. మధ్యలో ఒకసారి వేళ్లు బిగుసుకుంటే గట్టిగా నొక్కాను, మళ్లీ వదులయ్యాయి. స్క్రీనింగ్‌తో కలిపి ముప్పై అయిదు నిమిషాలు పట్టింది. కదిలితే మళ్లీ తీయాలి కాబట్టి నొప్పి మందు ఏ టైముకు వేసుకుని రావాలో ముందే డాక్టరును అడగడం మంచిది. అమ్మ ఆ పొద్దుటి మాత్ర వల్లే అంతసేపు కదలకుండా పడుకోగలిగింది.

బిల్లు మాట ప్రకారం 6,000, యూపీఐలో కట్టాను. వైద్య పరీక్షల మీద జీఎస్టీ ఉండదు, బిల్లులో ఎక్కడైనా వేస్తే అడగండి.

రిపోర్టు సాయంత్రం ఆరింటికి అన్నారు, ఆదివారం పదకొండుకు వాట్సాప్‌లో వచ్చింది. ఇంగ్లిషులో ఉన్న ఆ రెండు పేజీలను నిదానంగా చదివాను. వివరాల్లో ఎల్4–ఎల్5 (నడుములో నాలుగు, అయిదు పూసల మధ్య) దగ్గర డిస్కు కుడివైపు ఉబ్బి నరాన్ని నొక్కుతోందని ఉంది. చివర సారాంశంలో ఎడమవైపు అని ఉంది. నా గుండె దడదడలాడింది. రేపు ఎవరైనా సారాంశమొక్కటే చదివి నిర్ణయం తీసుకుంటే? వెంటనే ఫోను చేశాను. ఆదివారమైనా రేడియాలజిస్టు మళ్లీ బొమ్మలు చూసి, కుడివైపే అని సరిచేసి, గంటలోపు కొత్త రిపోర్టు పంపారు. పాతది తీసేయమన్నారు. రేటు కనుక్కున్నంత శ్రద్ధగా రిపోర్టు ఎవరు రాస్తారు, సందేహం వస్తే వాళ్లతో మాట్లాడనిస్తారా అన్నది కనుక్కోవాలి. రెండు వందలు తక్కువని, ఫోను ఎత్తని చోట తీయించి ఉంటే ఆ ఆదివారం ఎలా గడిచేదో.

సోమవారం, 16న మళ్లీ కొత్తపేట. మొదటిసారి కట్టిన 600 ఫీజు పది రోజుల వరకు చెల్లుతుంది, అందుకని మళ్లీ కట్టనక్కరలేకపోయింది. స్కాన్ చవకని రెండు వారాల తరువాతి తేదీ తీసుకుంటే ఈ ఫీజు మళ్లీ పడుతుంది, అదీ లెక్కలో పెట్టుకోవాలి. డాక్టరుగారు రిపోర్టు పక్కన పెట్టి సీడీ కంప్యూటర్‌లో వేశారు. ఏ సెంటరులో తీయించారని అడగలేదు. తెర మీద ఒకచోట పెన్ను పెట్టి, "ఇదిగోనమ్మా, ఈ నరమే బొటనవేలికి వెళ్లేది" అని అమ్మకే చూపించారు. ఇప్పుడే ఆపరేషన్ అక్కర్లేదు. ఆరు వారాలు మందులు, ఫిజియోథెరపీ, బిందెలు, బకెట్లు ఎత్తకూడదు, మెల్లగా నడవాలి. చాలామందికి ఇంతటితోనే తగ్గుతుందన్నారు. అమ్మ బయటికి వచ్చి మెట్ల దగ్గర నిలబడి, "కోప్పడలేదే" అంది.

మొత్తం ఖర్చు: స్కాన్ 6,000, మూడుసార్లు కారు 3,600, డాక్టరు ఫీజు 600, కంసాలికి 100, మందులకు 1,450. మొదటి రోజు పక్క సందులోనే తీయించి ఉంటే సీడీతో కలిపి స్కాన్ ఒక్కటే 8,300 అయ్యేది. ఆ రాత్రే తీయించినా రిపోర్టుతో డాక్టరును కలవడానికి ఎలాగూ మళ్లీ రావాలి. కాబట్టి ఇంకోచోట తీయించడం వల్ల మాకు అదనంగా పడింది ఒక్క కారు కిరాయి. అది తీసేస్తే మిగిలింది 1,100. పెద్ద మొత్తం కాదు. ఫిజియోథెరపీకి తెనాలిలో రోజుకు 300 తీసుకుంటున్నారు, ఆ డబ్బు అక్కడికి వెళ్లింది.

నరసరావుపేటలో పెద్దమ్మకు మోకాలి ఎంఆర్ఐ రాశారు. నోటుపుస్తకంలోని గడులు ఆమె కోడలికి ఫోటో తీసి పంపాను. ఆమె అడిగితే మొదట 7,000 అన్నవాళ్లు సెల్ఫ్ అనగానే 5,200కు దిగారట. ఫిల్ములు, సీడీ అందులోనే.

అమ్మకు నొప్పి కొంచెం తగ్గింది, బొటనవేలు మొద్దు ఇంకా ఉంది. రివ్యూ జూలై 28న. అప్పటికి తగ్గకపోతే మళ్లీ స్కాన్ తీయించాలా అని ముందే అడిగాను. లక్షణాలు మారకపోతే ఈ సీడీయే చాలన్నారు. సెంటరువాళ్లు ఇచ్చిన లింకు నెల రోజులే పనిచేస్తుంది కాబట్టి బొమ్మలన్నీ దింపుకుని తమ్ముడికి కూడా ఒక కాపీ పంపాను.